ఒక ఈక ఎక్కువ

బీచ్ రోడ్డు మీద పొద్దున్నే పాత కార్ల తిరునాళ్లు.
మద్రాసు నుంచి దిగిన జడ్జిగారు
టార్చిలైటుతో బానెట్లలోకి దూరి
ఇంజన్ నంబర్లు చదువుతున్నారు,
పెళ్లిచూపుల్లో పుట్టుమచ్చ వెతికే మేనత్తలా.

జనంలో నేనూ ఉన్నాను.
అల్లిపురంలో నికెల్ పూత వేసేవాణ్ణి.
దేవరవలస దొరల బండి ముక్కు మీద
రెక్కల మధ్య మెరుస్తున్న ఆ అక్షరం
మా నాన్న పోత పోసింది.

అసలుది ఎప్పుడో పోయింది.
కంచరపాలెం గేటు దగ్గర ఎవడో పీక్కుపోయాడని పెద్దదొర,
ఉప్పుగాలి కొరికేసిందని డ్రైవరు పైడయ్య,
ఎవరి మాట వాళ్లది.
షిప్‌యార్డు తుక్కులో దొరికిన ఓడ కిటికీ చట్రం,
మసకబారిన పెళ్లిఫొటోలో గోరంత కనబడ్డ బొమ్మ,
అంతే నాన్నకి ఆధారం.
ఇంగ్లీషు రాదు.
"రెండు బొజ్జలోడు" అనేవాడు ఆ అక్షరాన్ని.
మూస విప్పేసరికి ఎడం రెక్కకి
ఒక ఈక ఎక్కువొచ్చింది.
"బండి బరువు సూసినావేటి? ఉండనీ, అక్కరకొస్తాది."

జడ్జిగారు పెన్ను మొనతో ఈకలు లెక్కపెట్టారు.
మళ్లీ లెక్కపెట్టారు.
నాలుగు మార్కులు కోశారు.
కప్పు పక్క బండికి పోయింది.

నెలాఖరుకి చిన్నదొర నా కొట్టుకొచ్చాడు,
లండన్ నుంచి తెప్పించిన అసలుది పట్టుకుని.
వెల్వెట్ పెట్టె, సంతకమున్న కాగితం.
తిప్పి చూశాను. నిరుడు పుట్టింది.
మా నకిలీ కంటే నలభై నాలుగేళ్లు చిన్నది.
ఊడదీసిన నాన్న రెక్కలు కూడా బల్ల మీద పడేశాడు
తుక్కు కింద కట్టుకోమని.

"మరీ కొత్తగా ఉంది గురుమూర్తీ,
కాస్త పాతబడేలా చెయ్యి.
ఎవరికీ అనుమానం రాకూడదు."
నేను నవ్వలేదు. నవ్వితే గిరాకీ పోతుంది.

యాసిడ్ సీసా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.
డాబా మీద, వడియాల మంచం పక్కన,
సముద్రం వైపు తిప్పి పెట్టాను.
తోడుగా నాన్నది.
పగలు ఎండ, రాత్రి చెమ్మ,
నాలిక ఆనిస్తే ఉప్పన.
మూడో రోజుకి మెరుపు తలొంచుకుంది.
పదకొండో రోజుకి
ఈ ఊరి బస్సుల్లో చిల్లర అడగడం
నేర్చుకున్నవాడిలా ఉంది.

బిల్లు పుస్తకం తెరిచి చాలాసేపు కూర్చున్నాను.
పూత వెయ్యలేదు, రుద్దలేదు, అతకలేదు.
చివరికి రాశాను:
గాలి, పదకొండు రోజులు.