ఆగగలిగినవాళ్ల నోటుబుక్కు

ఏప్రిల్లో మహాంతి డాక్టరుగారు
రెండొందల పేజీల నోటుబుక్కు నా చేతికిచ్చి
"ఆగగలిగినవాళ్ల పేర్లు ఇందులో రాయి సిస్టర్" అన్నారు.
హెర్నియాలు, గర్భసంచిలో గడ్డలు,
పిత్తాశయంలో రాళ్లు.
ఊరు, ఫోన్ నంబరు, ఎన్నాళ్లుగా నొప్పి.
నాగావళి వంతెన మీద పోలీసులు తప్ప
మనిషన్నవాడు కనపడని రోజులు.
థియేటర్లో లైటార్పి తాళం వేస్తే
జేబులో తాళంచెవి బరువు తెలిసేది.

పదిహేడో పేరు కోరుకొండ దాలమ్మ, పొందూరు.
వలుగ చేప దవడతో పత్తి ఏకి
వంద నంబరు నూలు తీసే చెయ్యి.
రాయి చింతగింజంత.
వారానికోసారి ఫోన్ చేసేది.
"ఎలక్టివ్ అన్నారు కదమ్మా, ఎలచ్చను లాటిదా?
మరి నానెప్పుడు ఓటేసినాను ఈ నొప్పికి?"
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
నూనె చుక్క మానేసిందట,
రాట్నం ముందు కూర్చుంటే
కుడి డొక్కలోంచి వీపుదాకా ఎవరో
పోగు లాగుతున్నట్టే ఉంటుందట.

ఇక్కడ మా గదిలో భయం వేరు.
చిన్న రంధ్రాల ఆపరేషన్ అంటే
కడుపులోకి గ్యాసు ఎక్కించాలి,
పూరీలా పొట్ట పొంగాలి,
ఆ ఖాళీలో కెమెరా తిరగాలి,
కాల్చే కొన పొగ చిమ్మాలి.
ఆఖర్న ఆ గాలంతా వదలాలి.
ఎక్కడికి?
ఇన్నేళ్లూ గదిలోకే వదిలాం,
అగరొత్తి పొగని పట్టించుకోనట్టు.
ఇప్పుడందులో ఏముందో తెలీదు.
ఒక పత్రిక ఉందంది, ఇంకోటి లేదంది,
మరోటి పెద్ద కోతే మేలంది.
పెద్ద కోతకి వారం పాటు మంచం కావాలి.
మంచాలన్నీ ఊపిరందని వాళ్లవి.
డాక్టరుగారు అద్దాలు తుడుచుకుంటూ
"తెలీదు" అన్నారు.
పదకొండేళ్లలో ఆయన నోట ఆ మాట
మొదటిసారి విన్నాను.

జూన్లో తొమ్మిదో పేరుకి ఫోన్ చేశాను.
బెవర ఎర్రయ్య, ఆమదాలవలస,
రైలు పట్టాల గ్యాంగులో పని.
వాళ్లమ్మాయి ఎత్తింది.
సంచి లోపలే పగిలిందట,
విశాఖ చేరేలోపు దారిలోనే.
"కరోనా కాదండీ, కరోనా కాదు" అంది రెండుసార్లు,
నేనేదో అనుమానించినట్టు.
పేరు కొట్టేద్దామంటే పెన్ను కనపడలేదు.
పెన్ను చేతిలోనే ఉంది.

ఆగస్టులో దాలమ్మని పిలిచాం.
ముందు వారం గడప దాటొద్దన్నాం,
ముక్కులో పరీక్ష రెండుసార్లు.
మత్తు గొట్టం వేసేటప్పుడు
డాక్టరొక్కరే లోపల, మేమంతా బయట.
తర్వాత కూడా అయిదుగురమే,
మూడు పొరల వెనక ముఖాలు ఆనక
వీపుల మీద మార్కరుతో పేర్లు రాసుకుని.
గ్యాసు ఒత్తిడి పది దాటనివ్వలేదు.
పొగ గొట్టానికి ఫిల్టరు,
ఫిల్టరుకవతల మందునీళ్ల సీసా,
సీసాలో బుడబుడ.
అంతకు ముందు బల్ల మీదకి ఎక్కిస్తుంటే
దాలమ్మ నా గౌను చెయ్యి పట్టుకుని
రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.
"ఇది నేసింది కాదే. ఏటిది?"

రాయి ట్రేలో పడి టక్కుమంది.
అసలు పని అప్పుడు మొదలైంది.
రంధ్రాలు తెరవకుండా, గొట్టంలోంచే,
నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా.
పొట్ట దిగుతోంటే
అయిదుగురం ఊపిరి బిగబట్టాం,
ఎవరూ చెప్పకుండానే,
సీసాలో చివరి బుడగ పగిలేదాకా.

మర్నాటి సాయంత్రం ఇంటికెళ్లిపోయింది.
ఆ తర్వాత పద్నాలుగు రోజులు
ఆవిడ చెయ్యలేదు, నేనే చేశాను.
జ్వరముందా? దగ్గు?
"నేదమ్మా. మీకో?"
మాకూ లేదు.
"ఒక్కరు బాగుంటే రుజువు కాదు సిస్టర్,
అయినా రాసిపెట్టు" అన్నారు డాక్టరుగారు.
రాశాను. పదిహేడు. చేశాం. బాగుంది.
తొమ్మిది పక్కన గడి ఖాళీగానే ఉంది,
ఏం రాయాలో ఆయన్నీ అడగలేదు.

పద్దెనిమిదో నంబరు రింగవుతోంది.
ఎత్తడం లేదు.
ఇంకా రింగవుతోంది.