తాళం కన్నం

గ్రవానా మొదలై మూడో వారం.
సావో తోమే మీద వాన కాస్త చేయి విడిచే నెలలు.
పాత కోకో తోట ఆసుపత్రిలో
ఒకప్పుడు కొయినా మాత్రలు పంచిన గదిలో కూర్చుని
అడల్జీరా కందిరీగలకు పేర్లు వెతుకుతోంది.

జట్టు కట్టేవి కావు, పట్టు పెట్టేవి కావు.
రాణి లేదు, సైన్యం లేదు.
ఒక్కర్తే తవ్వి, ఒక్కర్తే మోసి,
గుడ్డు పెట్టి, మట్టి మెత్తి
బిడ్డ మొహం చూడకుండానే ఎగిరిపోయే తల్లులు.

బల్ల మీద పుస్తకం ఉంది.
సముద్రానికి అవతల, పెద్ద నేల కందిరీగల కోసం రాసింది.
ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని తాళంచెవి అంటారు.
మెట్టు మెట్టుకీ ఒక ప్రశ్న, రెండు దారులు.
రెక్కని నిలువునా మడుస్తుందా? పదకొండుకి పో.
మడవదా? నాలుగుకి.
నడుము దారప్పోగులా సాగిందా,
బొంగరం ముల్లులా ఉన్నట్టుండి ఆగిందా?

ఇరవై మూడో మెట్టు దాకా బాగానే నడిచింది.
అక్కడ పుస్తకం అడిగింది:
పొట్ట రెండో పలక మీద పసుపు పట్టీ తెగిందా, లేదా?
భూతద్దం కింద పెట్టి చూసింది.
కుడివైపు తెగింది.
ఎడమవైపు తెగలేదు.
ఇంకోటి తీసింది. అసలు పట్టీయే లేదు.
మూడోదాని మీద బూజు.

ఆమె తాత కరువు నాడు
కేప్ వెర్డ్ నుంచి ఓడలో వచ్చిన ఒప్పంద కూలీ.
ఫోర్టెస్ అన్నాడట రేవులో.
గుమాస్తాకి ఫోంటెస్ అని వినిపించింది.
మూడు తరాలుగా ఆ తప్పే వాళ్ల ఇంటిపేరు.
అందుకేనేమో
పేరు రాసేముందు ఆమె పెన్సిల్ ఎప్పుడూ కాసేపు గాల్లోనే ఆగుతుంది.

కాపలాదారు బోనిఫాసియోకి ఈ ఇబ్బంది లేదు.
"నా లెక్కలో నాలుగే" అంటాడు, పనసలాంటి బ్రెడ్‌ఫ్రూట్ కాలుస్తూ.
"సాలీడు దొంగ. గొంగళి దొంగ.
ఇసకలో చిందులేసేది.
తాళాలు పాడుచేసేది."
ఆమె నవ్వి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంది.
రెండేళ్లు పోయాక చూస్తే
అతని నాలుగూ ఆమె పెట్టెల్లో దాదాపు సరిపోయాయి.
ఆ "దాదాపు"లోనే ఉంది ఆమె ఉద్యోగమంతా.

మన పెద్దలు చెప్పేవాళ్లు:
మట్టిగూట్లో మూసిన పురుగు
భ్రమరాన్నే తలచి తలచి భ్రమరమైపోతుందని.
అడల్జీరా గూడు పగలగొడితే
లోపల ఐదు ఆకుపచ్చ గొంగళ్లు,
చావలేదు, కదల్లేవు.
ఆరోది సగం ఉంది.
మిగతా సగం పక్కనే తెల్లగా, లావుగా, ఆకలిగా.
ధ్యానం ఎవరిదో, భోజనం ఎవరిదో
న్యాయం చెప్పినవాళ్లు సరిగా చూసినట్టు లేదు.
లేక చూసే, కాస్త దయతో చెప్పారా?

జూలై పదో తేదీ పొద్దున
గది తలుపు తెరుచుకోలేదు.
రాత్రికి రాత్రి తాళం కన్నంలో ఎర్రమట్టి,
వేలితో నొక్కి నునుపు చేసినట్టు.
"వేడినీళ్లు పోస్తే పోతుంది" అన్నాడు బోనిఫాసియో.
వద్దంది.
తలుపు మీద సున్నంతో తేదీ రాసి
కన్నానికి దోమతెర గుడ్డ కట్టింది.

ముప్పై నాలుగు రోజులు ఇద్దరూ కిటికీ ఎక్కి దిగారు.
ఒకసారి అతని లుంగీలాంటి పంచె మేకుకి చిక్కి చిరిగింది.
రాజధాని నుంచి వచ్చిన అధికారి
తలుపు, కిటికీ, మళ్లీ తలుపు చూసి
ఏమీ అడక్కుండా తిరిగి వెళ్లాడు.

ముప్పై ఐదో రోజు
మట్టిలో గుండ్రటి చిల్లు. గుడ్డలో చిన్న కోపం.
ఆమె ఉత్త చేతులతో పట్టుకుంది.
మీసం కణుపులు లెక్కపెట్టింది:
పది, పదకొండు, పన్నెండు,
చివర కొక్కెంలా వంగిన పదమూడు.
మగది. కుట్టడానికి ముల్లే లేదు.
పసుపు పట్టీ?
రెండువైపులా తెగింది.

పెన్సిల్ గాల్లో ఆగింది.
తర్వాత గోరంత కాగితం మీద చిన్న అక్షరాలతో
ఊరు, తేదీ, పట్టినవాళ్లు: బి. మరియు అ. ఫోంటెస్,
దొరికిన చోటు: ఈ గది తాళం.
పేరు దగ్గర ఖాళీ వదిలింది.

తలుపు తాళం ఇంకా తిరగడం లేదు.
రెండో అర మిగిలే ఉందిట లోపల.