అయస్కాంతం అతుకని చోట

షార్జా సనాయాల పొద్దు ఇంకా రేకుల మీదికెక్కలే.
గంప లేపి కోడిపెట్టను చూపినట్టు
జమీల్ సేటు గుడ్డ లాగిండు.
మీగడ రంగు. ముక్కు మీద వెండి బిళ్ల.
"మోరిస్. యాభై ఏడు మోడల్.
లండన్ల ఒక దొరసాని తోలిన బండి" అన్నడు.

ఖల్ఫాన్ ఏమనలే.
తెల్ల కందూరా అంచు నూనె మరకకు తాకకుంట ఎత్తిపట్టి
నా దిక్కు చూసిండు.
గంటకు ముప్పై దిర్హాములకు
నన్ను తోలుకొచ్చింది ఇందుకే.

ముందుగాల పేరు చూడొద్దు.
ఉస్తాద్ మహబూబ్ నాకు చెప్పిన మొదటి మాట అది.
పేరంటే రెండు స్క్రూల పని, అనేటోడు.
బీడీ ఆర్పి, తలుపు తెరిచి, మెల్లగ ఏసి
చప్పుడు వినుమనేటోడు.

దారానికి కట్టిన అయస్కాంతం
బానెట్ మీద టక్కున అతికింది.
ఎడమ రెక్క మీద జారి, ఊగి, కింద పడ్డది.
అక్కడ ఇనుము లేదు, పుట్టీ. వేలు మందం.
పడితే పడనీ.
గింత ముసలి పానానికి ఎక్కడో ఒక కట్టు ఉండదా?

నంబరు పలక పాతది. రివెట్లు కొత్తయి,
నిన్న రాత్రి కొట్టినట్టు మెరుస్తున్నయి.
పన్నెండో నంబరు పానా బోల్టుకు బిర్రుగ పట్టింది.
ఇంగ్లండు బండైతే అంగుళాల పానా అడగాలె.
గదీ సాక్ష్యం గాదు. బోల్టులు మారుతయి.

తలుపు రబ్బరు వెనుక గోటితో గీకిన.
మీగడ. దాని కింద తెలుపు. దాని కింద
నలుపు, అంచుకు పసుపు.
దొరసాని టాక్సీ నడిపిందా సేటూ?
అడగలే. లోపల్నే అనుకున్న.

ఆఖరికి డాష్‌బోర్డు. కండ్లు మూసి తడిమిన.
నడుమ, అద్దం కింద, రెండు బొక్కలు.
మైనం కూరి, పైన రంగు పూసిండ్రు.
బొటనవేలు, చూపుడువేలు చాపి కొలిచిన.
ఒకటిన్నర అంగుళం.
కోరుట్ల బస్టాండు ఎనక రేకుల షెడ్డుల
ఎన్ని ఇత్తడి గణపతులను బిగించినయో ఈ ఏండ్లు,
ఆ దూరం వీటికి చీకట్ల గూడ దొరుకుతది.

ఖల్ఫాన్ వీపెనుక నుంచి సేటు
వంద నోటు చూపిండు. మడిచి, మళ్ల జేబుల పెట్టిండు.
నేను చేతులు పెట్రోలుతో కడుక్కున్న.
మురికి కంటె ఎక్కువసేపు కడుక్కున్న.

"అచ్చు ఇంగ్లండుదే అర్బాబ్. ఒత్తింది కలకత్తల.
దీని పేరు అంబాసిడర్."

సేటు నన్ను మూడు భాషలల్ల తిట్టిండు.
మూడోది నాది. ఎవడు నేర్పిండో.

ఖల్ఫాన్ కోపం చెయ్యలే.
బండి చుట్టు ఒక్కసారి తిరిగి
ముక్కు మీది బిళ్లను వేలుతో ఊపిండు. ఊగింది.
సగం ధర చెప్పిండు. సేటు మీసం కొరుక్కుంట ఇచ్చిండు.
"దీని పేరు దీనికి పెట్టు" అని నాతోని అని
చెప్పులు చప్పుడు చేసుకుంట పోయిండు.

ఇప్పుడు రాత్రి. షట్టర్ సగం దించి
ఇత్తడి రేకు ముందర కూసున్న.
నాకు ఇంగ్లీషు సదువరాదు.
పన్నెండేండ్లప్పుడు టాక్సీ డిక్కీ మీది ఆ పేరును
పండ్లపొడితోని రోజూ తోమిన.
ఏ అక్షరం పొట్టల మురికి ఎట్ల దాక్కుంటదో ఎర్కే.
మొదటిది గుడిసె. పక్కన మూడుకాళ్ల పీట.
ఆ పక్కన కర్రకు కట్టిన సద్దిమూట.
నడుమ రెండు పాములు, ఒకదానెనక ఒకటి.
అవి తల ఎటు తిప్పాలె?
ఎంత ఆలోచించినా తోచలే.

జేబుల నుంచి పతాకా తీసిన.
ఏజెంటు నా పేరు తప్పే రాసిండు,
మా అవ్వ పిలిచినట్టు ఎవలు సదువరు దాన్ని.
అయినా ఎల్లేశం నడుమ
పాము ఒకటి ఉన్నది.
బల్బు కిందికి వంచి, దాని తల దిక్కు చూసి
హాక్సా బ్లేడు ఆనించిన.