ఉప్పు దిగేదాకా

బకెట్లో దించగానే
పలక బుడబుడమంటుంది.
మూడున్నర శతాబ్దాల కిందట ఏ కుమ్మరో
మట్టిలో మరిచిపోయిన గాలి
బుడగ బుడగగా పైకొచ్చి పగులుతుంది.
అలా అనుకోవడం నాకిష్టం.
పోయిన వారపు గాలే కావచ్చు.

జీరిక్‌జేలో, రేవు వెనక సందులో నా కొట్టుగది.
పదకొండు బకెట్లు.
రోజూ పొద్దున నీళ్ళు మార్చేముందు
వేలు ముంచి నాలిక్కి రాసుకుంటాను.
ఉప్పగా ఉంటే ఇంకా ఆగాలి.
తొందరపడి ఆరబెట్టావా,
లోపలి ఉప్పు పువ్వులా విచ్చుకుని
పూతని పొట్టులా లేపేస్తుంది.
ఇది నాకు ముసలి క్రైన్ నేర్పాడు.
నేర్పిన పుణ్యానికి
తన దగ్గరున్న పగుళ్ళ సరుకంతా నాకే అంటగట్టాడు.

ఈ తెలుపు, తెలుపు కాదు.
అంచు దగ్గర గోటితో తడిమి చూడు,
కింద ఉన్నది గోధుమరంగు మామూలు మన్ను.
తగరం బూడిద, సీసం, ఇసక
కలిపి పులిమిన ముసుగు.
చీనా నుంచి పింగాణీ ఓడలు రాని ఏళ్ళలో
డెల్ఫ్ట్‌లో బీరు కాచే కొట్టాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే
కుమ్మర్లు వాటిలో కాపురం పెట్టి
పాత పేరు పలకలైనా దించకుండా
నీలం రాశారు,
చూడని కొండల్ని,
ఎన్నడూ పలకరించని గొడుగుల మనుషుల్ని.
పొయ్యి గోడలకి మాత్రం
తమ వీధి పిల్లల్నే రాసుకున్నారు.
చిల్లుల కాగితం పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు,
చుక్కలు కలిపితే బొంగరం తిప్పే బుడ్డోడు.
కాలని పూత కుంచెని కరిచి పట్టుకుంటుంది,
దిద్దుకునే దారి లేదు.
అందుకే నా దగ్గరున్న ఒక పలకలో
గాలిపటం ఎగరేసే పిల్లాడి చేతిలో దారం లేదు.
అన్నిటికన్నా దానికే ఎక్కువ పోశాను.

పోయిన నవంబరులో ఊవెర్‌కెర్క్ దగ్గర
ఒక రైతు ఇల్లు పడగొట్టారు.
పొయ్యి గోడ, నలభై రెండు పలకలు.
ఊడబెరకడంలో ఐదు పోయాయి, తప్పు నాదే.
మూడు వారాలు. ఐదు. ఎనిమిది.
ఉప్పు దిగదు.

తొమ్మిదో వారం
ఎనభై దాటిన మనిషి ఒకామె
తడిసిన సైకిలు నా తలుపుకి ఆనించి
"మా పొయ్యి నీ దగ్గరుందట," అంది.
పేరు పీటర్నెల్.
నేను మనసులో ధర కట్టేశాను, సిగ్గు విడిచి.
కొంచెం తగ్గించాను. మళ్ళీ పెంచాను.

ఆమె పలకల వైపు చూడలేదు.
చేతి తొడుగు తీసి, బకెట్లో వేలు ముంచి
నోట్లో పెట్టుకుంది.
నేనేమీ చెప్పకముందే.
చాలాసేపు అలాగే నిలబడి
"యాభైమూడు ఫిబ్రవరి," అంది. "ఇదే."

"అటక మీద ఆరుగురం.
కింద పొయ్యి పక్కన దూడ అరుస్తూనే ఉంది.
రెండో పోటు వచ్చాక అరవలేదు."

తర్వాత కళ్ళజోడు తుడుచుకుని
నీళ్ళలోకి వంగింది.
"ఈ పిట్ట ఎప్పుడూ తలకిందులే.
మా నాన్న తాగి అతికించాడు.
ఏ గోడకి పెట్టినా అలాగే పెట్టించు."
కాఫీ వద్దంది.
గాలికి ఎదురుగా తొక్కుకుంటూ పోయింది.

ఆ రోజు నీళ్ళు మార్చలేదు.
మర్నాడు మార్చాను, తప్పదు, పూత లేచిపోతుంది.
వేలైతే ముంచాను గానీ
నోటిదాకా తీసుకెళ్ళడానికి
కాస్త సేపు పట్టింది.