ఓదెమ్మది

పొద్దున ఎనిమిది. ఫోన్ల అలారం మోగుతది.
రాత్రి ఎనిమిది. మళ్లొకసారి.
ఈ రెండు ఎనిమిదుల నడుమ
మూడేండ్ల సంది బతుకుతున్న.

నా ఒంట్ల ఇప్పుడు మూడు కిడ్నీలున్నయి.
పాతవి రెండు తియ్యలేదు,
ఎండిన సొరకాయ బుర్రల లెక్క వెనుక పడున్నయి.
మూడోది ముందల, కుడిపక్క, పొత్తికడుపుల.
చెయ్యి పెడితే తగులుతది.
అది ఓదెమ్మది.

ఓదెమ్మ మా అక్క. కోరుట్లల బీడీలు చేస్తది.
నాయిన మగ్గాల కొట్టం వాటా కాడ కొట్లాడి
ఆరేండ్లు నా మొహం చూడలేదు.
ఎంజీఎంల మిషను నా నెత్తురు బయటికి గుంజి
ఉతికి మళ్ల లోపలికి పంపిన
రెండేండ్లూ రాలేదు.
ఒకనాడు బస్సు దిగి, కొత్తవాడ గల్లీల నిలబడి
చెప్పులు విడవకుండనే అన్నది:
"నీ గ్రూపు, నా గ్రూపు ఒక్కటేనట గద.
తీసుకుంటవా, లేదా?"

హైదరాబాదుల కమిటీ ముందు కూసోబెట్టి అడిగిన్రు,
ఎవరన్న పైసలిచ్చిన్రా అని.
"వీనికాడ పైసలెక్కడియి సారూ" అన్నది.
కమిటీ సారు కూడ నవ్విండు.

అక్క ఇచ్చింది. డాక్టర్లు కుట్టిన్రు.
అయితే ఒళ్లుకు ఈ కథ తెల్వదు.
ఒళ్లు పాతకాలపు పట్వారీ.
కాయితం తిప్పి చూసి
"ఇది నీ పట్టా కాదు" అంటది.
తోడబుట్టింది సారూ అంటే వినదు.
అందుకే గోలీలు. కావలికుక్కకు
దినాం రెండుసార్లు మత్తు పెట్టుడు.
కుక్క పండుకుంటే దొంగలు రారా?
మొదటేడు నోట్ల పూత.
రెండో ఏడు నడుముకు చుట్టుకున్న సర్పి,
బట్ట తగిలితే నిప్పు.
మా ఇంట్ల ఎవలకు లేని షుగరు.
మొహం ఉబ్బితే పక్కింటి పోరడు
"పైల్వాన్ బాపూ" అని పిలుస్తడు.

చేతులు వణుకుతయి. అన్నిటికన్న అది.
జంపఖానాలు నేసిన చేతులు,
కరెంటు పోయిన చీకట్ల
తెగిన పోగును తడిమి అతికిన చేతులు,
ఇప్పుడు చాయ కప్పు పడితే సాసరు మోగుతది.
డాక్టరుకు చెప్పిన.
మందు తగ్గిస్తే కిడ్నీకి కష్టం,
ఉంటే చేతులకు కష్టం అన్నడు.
ఏది కావాలె అని అడగలేదు.
అడగనందుకు మంచోడనిపించింది.

పోయిన శ్రావణంల క్రియాటినిన్ రెండు పాయింట్ నాలుగు.
వారానికి మూడు దాటింది.
సూది గుచ్చి లోపల్నించి
నూలుపోగంత ముక్క తీసిన్రు.
రిజెక్షన్ అన్నరు.
ఆ మాటకు తెలుగేందమ్మా అని
కౌన్సిలర్ పిల్లను అడిగిన.
జరసేపు ఆలోచించి
"ఒప్పుకుంటలేదు" అన్నది.

పైన మేమిద్దరం ఒప్పుకున్నంక
లోపల మొదలువెట్టింది.

మూడు రోజులు సెలైన్ల పెద్ద మందు.
నిద్ర పట్టని రాత్రి ఓదెమ్మ ఫోను.
"నాది ఎట్లున్నది?"
ఎప్పుడూ గట్లనే అడుగుతది,
నువ్వెట్లున్నవని అడగది.
"మంచిగనే ఉన్నది."
"అబద్ధం. నీళ్లు తాగుతున్నవా?"
"తాగుతున్న."
"నేను గూడ తాగుతున్న. ఒక్కదానితోటి ఎల్లదియ్యాలె గద."
పెట్టేసింది.

రెండు దగ్గర ఆగింది క్రియాటినిన్.
ఇంతకన్న దిగదట.
ఎన్నేండ్లు నడుస్తదో ఎవలూ చెప్పరు,
నేను గూడ అడుగుడు బందువెట్టిన.

మొన్న ఐతారం వచ్చింది అక్క,
తునికాకు వాసన చీరెలనే ఉన్నది.
చాట ఒళ్లె పెట్టుకొని, బీడీలు చుట్టుకుంట,
నేను మగ్గం కాడ పోగు ముడివేసుడు చూసింది.
ఒకసారి జారింది. నాలుగుసార్లు జారింది.
సాయం రాలేదు. రమ్మని నేను అనలేదు.
పదకొండోసారికి పడ్డది ముడి.

దారం పండ్లతోటి కొరికి
"కొట్టం వాటా సంగతి నేను మర్శిపోలే" అన్నది.

అలారం మోగింది.
నీళ్ల గిలాస నా దిక్కు జరిపింది.