ఉప్పుగ్రహం, రెండో భాగం

కలామాలో నా సెలూన్‌కి
గురువారం సాయంత్రం జుట్టు కత్తిరించుకోడానికి ఎవరూ రారు.
వచ్చేది ఆ నలుగురే.
రాగి గనిలో సగం ఊపిరి వదిలేసి వచ్చిన అబెలీనో,
ఒకప్పుడు బట్టలు కుట్టిన నేలిదా,
ఎడమచెవి వినపడని, వినపడే చెవితో కూడా వినని విలిబాల్దో.
వీళ్ల మధ్య పంతొమ్మిదేళ్ల యాస్నా,
మేం నటించిన సినిమాని
మాకంటే ఎక్కువసార్లు చూసిన పిల్ల.

నటించడమంటే పెద్ద ఏం లేదు.
నలభై ఏళ్ల కిందట ఏదో కంపెనీ
మా ఎడారిని చూసి వేరే గ్రహం అనుకుంది.
మేమూ అప్పుడప్పుడూ అనుకునేవాళ్లం.
ఉప్పుగ్రహంలో మనుషులకి జుట్టుండదని
ఎవరో కాగితం మీద రాసుకున్నారు.
రెండు రోజుల్లో నలభై ఏడు తలలు గొరిగాను.
తలకింతని ఇచ్చారు.
ఆ డబ్బుతో కొన్నదే ఈ తిరిగే కుర్చీ,
ఇప్పుడు ఒకవైపే తిరుగుతుంది.

రెండో భాగం వస్తోందట.
పేరు 'వాన'.

"వానా?" అన్నాడు అబెలీనో.
ఆ మాటకే దగ్గొచ్చింది.
"మొదటి దాంట్లో చెమట సీసాల్లో పట్టి దాచుకున్నారు కదా జనం!
ఆ సీసాలు మోసింది నేనే."
"నువ్వు మోసినవి ఖాళీవి," అంది నేలిదా.
"ఖాళీవే. బరువున్నట్టు మోశాను."

యాస్నా ఫోన్లో ట్రైలర్ పెట్టింది.
అరచేతంత వెలుగు మీదికి అందరం వంగాం.
లక్ష బోడితలలు, కనుచూపు మేర.
ఒక్కటీ ఎవరూ గొరగలేదు,
కంప్యూటరే గొరిగిందట.

"బావుంది," అన్నాడు విలిబాల్దో.
"మన దాంట్లో కొండ వెనక కరెంటు స్తంభం కనపడేది."
"ఆ స్తంభమే నాకిష్టం," అంది యాస్నా,
"అక్కడ కూడా ఎవడో బిల్లు కడుతున్నాడని."

గొడవ ముదిరింది.
నేలిదా ఒకే మాట మీద నిలబడింది.
ఆనాటి అంగీలు పిండిబస్తాలు విప్పి కుట్టినవి.
రంగేసినా ఒకడి వీపు మీద మిల్లు పేరు సగం మిగిలింది.
తెర మీద ఆ సగం పేరు కనపడగానే
మా హాలంతా చప్పట్లు.
ఈ కొత్తవాళ్ల బట్టలు చూడు,
వేసుకున్నా మాయవు, ఉతికినా వెలవవు.

నేను దువ్వెనలు కడుగుతున్నాను.
యాభై మూడో నిమిషంలో
విలిబాల్దో కెమెరాకి వీపు చూపిస్తూ దాటిపోతాడు.
కుడిచెవి వెనక చిన్న గాటు.
అది నాది.
నలభై ఒకటో తల, చెయ్యి నిద్రపోయింది.
చివర్లో అందరి పేర్లూ వచ్చాయి,
గుర్రాలకి మేత వేసినవాడిది కూడా.
నాకున్నది ఆ గాటే.
ఎవరికీ చెప్పలేదు.
వాడు ఇప్పటికీ రాయి తగిలిందనుకుంటాడు.

వాన సంగతిలో మాత్రం నేను అబెలీనో పక్షం.
నాకు గుర్తున్నంతలో ఒక్క రాత్రే గట్టిగా కురిసింది ఇక్కడ.
ఎప్పుడూ రాని దానికి చూరెందుకని కట్టని ఇళ్లు మావి.
రేకుల సందుల్లోంచి నీళ్లు నా అద్దం మీదికి కారాయి.
ట్రైలర్లో జనం చేతులు చాచి, మొహాలెత్తి నవ్వుతున్నారు.
మేం పరుపులు నెత్తినెత్తుకుని పరిగెత్తాం.

రేపు విడుదలనగా యాస్నా ఒక్కతే వచ్చింది.
నడుం దాటిన జుట్టు.
కుర్చీలో కూచుని "గొరుగు," అంది.
"బాలేదన్నావుగా?"
"ట్రైలర్ బాలేదన్నా. సినిమా ఇంకా చూడందే!"
మీ అమ్మ నన్ను చంపుతుందంటూనే గుడ్డ కప్పాను.
అబెలీనోకీ విలిబాల్దోకీ
ఈ పని కాలం ఊరికే చేసిపెట్టింది.

సగం తల అయ్యాక
అద్దంలోంచి నన్నే చూస్తూ అంది,
"కుడిచెవి వెనక. చిన్నది చాలు."

కత్తి ఆగిపోయింది.
ఎన్నిసార్లు ఆపి చూసిందో ఆ నిమిషాన్ని!

ఏం చెయ్యను,
నలభై ఏళ్లుగా గాటు పడకుండా
నేర్చుకుంటూ వచ్చిన చెయ్యి ఇది.
నిద్రపోమంటే
ఇప్పుడు నిద్రపోదు.