ఖంగు, బొంగురు

ఖషూరి డిపోలో మూడో లైను మీద
తెల్లవారకముందే సరుకు బండి వచ్చి ఆగుతుంది.
ముప్ఫై ఎనిమిదేళ్లుగా దాని చక్రాల్ని
పొడుగు కాడ సుత్తితో పలకరిస్తున్నాను.
మంచి చక్రం ఖంగుమంటుంది.
పగిలిన చక్రం బొంగురుపోతుంది,
రాత్రంతా ఏడ్చి
పొద్దున్నే ఏం లేదని బుకాయించే మనిషిలా.

నాకు పని నేర్పిన ఎర్మిలే
'విను' అనేవాడు. అంతే.
ఏం వినాలో తెలియడానికి
రెండు చలికాలాలు పట్టింది.

పోయిన మార్చిలో ఒక పెట్టె వచ్చింది,
పెట్టె వెంట తెక్లె వచ్చింది.
ఇరవై నాలుగేళ్లు. గ్లవ్స్ ఆమె వేళ్లకి రెండంగుళాలు ఎక్కువ.
"జుంబెర్ బాబాయ్, శిక్షణకి మీ పేరు రాశారు."
పింఛనుకి మూడేళ్లున్నవాడికా!
మొక్కప్పుడే సరిగ్గా వంగలేదమ్మా,
ఇప్పుడు మానుని వంచుతావా, అన్నాను.

ఆమె నవ్వలేదు.
పసిపిల్లాడి ఛాతీకి మందు రాసినట్టు
చక్రానికి జెల్ పూసింది.
తెర మీద ఆకుపచ్చ గీత లేచింది.
"ఇది అవతలి అంచు.
దీనికి ముందే ఇంకోటి లేస్తే, పగులు."

కాయలు కాసిన నా బొటనవేలిని
ఆ తెర మనిషి వేలుగా ఒప్పుకోలేదు.
నొక్కాను, తుడిచాను, ఎర్మిలే భాషలో తిట్టాను.
మర్నాడు తెక్లె ఒక పెన్ను తెచ్చింది,
కాడకి గుడ్డ చుట్టి ఉంది
అచ్చం నా సుత్తికి ఉన్నట్టే.

బదులుగా వినడం నేర్పమంది.
'విను' అన్నాను.
"ఏం వినాలి?"
ఎర్మిలేని నేను అడగలేకపోయిన ప్రశ్న.
ఆ రాత్రి వంటింట్లో గరిటెతో గిన్నెలు కొట్టుకుంటూ
మాట కోసం వెతికాను.
"దెబ్బని కాదు, దాని తోకని విను.
ఎంతసేపు ఊగుతుందో,
ఎక్కడ తెగుతుందో."

జూన్‌లో, పద్నాలుగో వ్యాగన్, వెనకాల ఇరుసు.
తెక్లె కొట్టి, "బొంగురు" అంది.
నేను కొట్టాను. మళ్లీ కొట్టాను.
నాకు అన్నీ ఒకేలా మోగాయి.
పెన్ను తీసుకుని పెట్టె నేనే పెట్టాను.
రెండో గీత లేచింది
చిన్నగా, ముల్లులా.

"ఎప్పట్నుంచి?" అని మెల్లగా అడిగింది.
రెండేళ్లు.
ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత కెటిల్ ఈల,
ఆ తర్వాత ఇది.
భయపడి ఎవరికీ చెప్పలేదు.
ఆ రెండేళ్లలో నేను సరే అన్న బళ్లని
కొన్ని రాత్రులు లెక్కపెడుతుంటాను,
లెక్క తేలదు.

ఆమె ఓదార్చలేదు.
రిజిస్టరులో రాసింది:
పగులు. విన్నది తెక్లె. చూసింది జుంబెర్.
కింద ఖాళీ గడిలో
చెవి పరీక్షకి నా పేరు నేనే రాసుకున్నాను,
గుడ్డ చుట్టిన పెన్ను ఇంకు పెన్ను కాదని
రెండుసార్లు గీశాక గాని తెలియలేదు.
అప్పుడు నవ్వింది.

ఇప్పుడు సుత్తి ఆమె చేతిలో ముందు నడుస్తుంది.
నేను వెనకాల మోకాళ్ల మీద,
జెల్ చల్లగా ఉందని గొణుగుతూ.